విటమిను ఏ: చేసిన పని, చేసిందనుకొన్న పని

మందుల దుకాణంలో టానిక్కుల బీరువా ముందు నిలబడి సీసాల మీది కాగితాలు చదువుతూ పోతే, "రోగనిరోధక శక్తిని పెంచును" అన్న మాట లేని సీసా దొరకడం కష్టం. జలుబు చేసిన పిల్లవానికి ఆ సీసా కొనిపెట్టిన తండ్రికి పోయేది నాలుగు డబ్బులు మాత్రమే. కాని హెచ్‌.ఐ.వి. సోకిన బిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లి అదే మాట చదివితే దాని బరువు వేరు. ఆ బిడ్డకు వచ్చిన జబ్బు ఆ శక్తినే తినివేసే జబ్బు గదా! పోతున్న శక్తిని తిరిగి తెచ్చే వస్తువు సీసాలో ఉన్నదని అచ్చువేసి చెబుతూ ఉంటే ఆమె ఎందుకు నమ్మదు?

ఈ మాటకు వెనుక శాస్త్రం బొత్తిగా లేకపోలేదు. ఉన్నది గనుకనే దీనిని విమర్శించడం అవసరమవుతున్నది. పచ్చి అబద్ధాన్ని కొట్టిపారవేయవచ్చును. అరనిజాన్ని అలా కొట్టివేయలేము. ఎంతవరకు నిజమో కొలిచి చెప్పవలెను. కాబట్టి ఏయే పరిశోధనలు జరిగినవి, వానిలో ఏమి తేలినది, తేలినదానికంటె ఎక్కువగా ఏమి చెప్పుకొంటున్నారు అన్నది వరుసగా చూద్దాము.

విటమిను ఏ కథ 1913 లో మొదలైనది. ఆ సంవత్సరం అమెరికాలో మెక్కాలమ్, డేవిస్ అనేవారు వెన్నలో, గుడ్డు సొనలో ఎలుకల పెరుగుదలకు అవసరమైన కొవ్వులో కరిగే పదార్థం ఒకటి ఉన్నదని చూపారు. 1928 లో ఇంగ్లండులో గ్రీన్, మెల్లన్బీ దీనికి అంటురోగాలను ఎదిరించే గుణం ఉన్నదని వ్రాశారు. 1932 లో లండనులో ఎల్లిసన్ అనే వైద్యుడు తట్టు వచ్చిన 600 మంది పిల్లలను రెండు సగాలుగా విడదీసి, ఒక సగానికి విటమిను ఏ అధికంగా ఉన్న చేపనూనె ఇచ్చాడు. ఇచ్చినవారిలో 11 మంది, ఇవ్వనివారిలో 26 మంది చనిపోయారు. తరువాత సల్ఫా మందులు, పెనిసిలిన్ వచ్చి ఈ సంగతిని అందరూ మరచిపోయారు. కొత్త చుట్టం వస్తే పాతవారిని పలకరించేవారుండరు, వైద్యంలోను అంతే.

మళ్ళీ గుర్తుచేసినవాడు ఆల్ఫ్రెడ్ సోమర్ అనే కంటివైద్యుడు. ఇండొనీసియాలో రేచీకటి ఉన్న పిల్లలు కళ్ళు పూర్తిగా చెడకముందే ఎక్కువమంది చనిపోతున్నారని ఆయన గమనించాడు. సుమత్రా దీవిలోని ఆచే ప్రాంతంలో ఆయన బృందం జరిపిన పరీక్ష ఫలితం 1986 లో వెలువడింది. విటమిను ఏ అందిన గ్రామాలలో పిల్లల మరణాలు 34 శాతం తగ్గినవి. వైద్యలోకం మొదట నమ్మలేదు. నమ్మకపోవడం తప్పుకాదు కూడాను. 1990 లో మన దేశంనుంచే రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చినవి, అవి ఒకదానికొకటి ఎదురు నిలిచినవి. తమిళనాడులో 15 వేలకు పైగా పిల్లలకు వారం వారం కొద్దిపాటి విటమిను ఏ ఇస్తే మరణాలు 54 శాతం తగ్గినవి. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలలో జాతీయ పోషకాహార సంస్థవారు దాదాపు అంతమంది పిల్లలకే ఆరునెలలకొకసారి పెద్ద మోతాదు ఇస్తే మరణాలలో తేడా కనబడలేదు. ఒకే వస్తువు, పక్కపక్క రాష్ట్రాలు, రెండు ఫలితాలు! చిన్న మోతాదు తరచుగా ఇవ్వడానికి, పెద్ద మోతాదు అరుదుగా ఇవ్వడానికి తేడా ఉండవచ్చును. అక్కడి పిల్లలలో కొరత ఎంత ఉన్నది, వారు దేనివల్ల చనిపోతున్నారు అన్నవి కూడా ఫలితాన్ని మార్చవచ్చును. విటమిను మందుగా పనిచేసేది అది లోపించినచోటనే. ఈ సూత్రాన్ని మనసులో ఉంచుకొని హెచ్‌.ఐ.వి. సంగతికి వద్దాము.

ఇక్కడ తొలి అడుగే తప్పుదారి పట్టించింది. 1994 లో సెంబా, ఆయన సహచరులు ఆఫ్రికాలోని మలావీ దేశంలో హెచ్‌.ఐ.వి. ఉన్న 338 మంది గర్భిణులను పరిశీలించి ఒక లెక్క ప్రకటించారు. రక్తంలో విటమిను ఏ బాగా తక్కువగా ఉన్న తల్లులనుంచి 32 శాతం బిడ్డలకు వైరసు సోకింది; తగినంత ఉన్న తల్లులనుంచి 7 శాతానికి మాత్రమే సోకింది. ఇంత తేడా చూసినవారికి ఎవరికైనా ఆశ పుడుతుంది. పైసల ఖరీదు చేసే గుళికతో బిడ్డలను కాపాడవచ్చునంటే పేద దేశాలకు అంతకంటె కావలసినదేమి?

వెంటనే మూడుచోట్ల పరీక్షలు జరిగినవి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 728 మంది తల్లులకు ఇచ్చి చూశారు. 1999 నాటికి తేలినది, బిడ్డకు వైరసు సోకడం తగ్గలేదని. మలావీలోనే ఇచ్చి చూశారు, తగ్గలేదు. టాంజానియాలోని దారెస్సలామ్‌లో వఫాయీ ఫౌజీ బృందం చేసిన పరీక్షలో 2002 లో వచ్చిన ఫలితం మరీ విపరీతం. విటమిను ఏ తీసుకొన్న తల్లులనుంచి బిడ్డలకు వైరసు సోకే అవకాశం 38 శాతం పెరిగింది!

మలావీ లెక్క తప్పుకాదు, దానిని చదివిన తీరు తప్పు. రక్తంలో విటమిను ఏ ను మోసుకొనిపోయే మాంసకృత్తు ఒకటున్నది. శరీరంలో ఏ అంటురోగం రేగినా ఆ మాంసకృత్తు తయారీని కాలేయం తగ్గిస్తుంది. జ్వరం ఉన్నప్పుడు మూత్రంలో కూడా విటమిను కొంత పోతుంది. అందుచేత జబ్బు ముదిరిన తల్లి రక్తంలో విటమిను తక్కువగా కనబడుతుంది; జబ్బు ముదిరినందువల్లనే ఆమెనుంచి బిడ్డకు వైరసు కూడా సులభంగా చేరుతుంది. రెండూ ఒకే చెట్టు కాయలు. ఒక కాయను కోస్తే రెండవది రాలదు. ఇప్పటికీ ఫలానా జబ్బు ఉన్న పిల్లల రక్తంలో ఫలానా విటమిను తక్కువగా ఉన్నది కాబట్టి ఆ విటమిను ఇస్తే జబ్బు తగ్గునని వ్రాసే రచనలు మన పత్రికలలో వస్తూనే ఉన్నవి. ఆ "కాబట్టి" అన్న మాట దగ్గర పాఠకుడు ఒక్క క్షణం ఆగవలెను.

ఇక బిడ్డల సంగతి. హెచ్‌.ఐ.వి. సోకిన పిల్లలకే విటమిను ఏ ఇచ్చి, మరణాలను లెక్కించిన పరీక్షలు ముఖ్యమైనవి మూడు. డర్బన్‌లో కుట్సూడిస్ బృందం 1995 లో ప్రకటించిన దానిలో హెచ్‌.ఐ.వి. ఉన్న తల్లుల బిడ్డలు 118 మంది. వారిలో వైరసు సోకినట్టు తేలినవారు 28 మంది. ఈ 28 మందిలో విటమిను అందినవారికి విరేచనాల బాధ ఇంచుమించు సగానికి తగ్గింది. రెండవది ఫౌజీ బృందం దారెస్సలామ్‌లో న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన 687 మంది చిన్నపిల్లలపై చేసినది. 1999 లో వెలువడింది. మొత్తం పిల్లలలో మరణాలు 49 శాతం, హెచ్‌.ఐ.వి. ఉన్నవారిలో 63 శాతం తగ్గినవి. వినడానికి ఎంతో గొప్పగా ఉన్నది. కాని ఆ హెచ్‌.ఐ.వి. ఉన్నవారు 58 మంది మాత్రమే. మూడవది ఉగాండాలోనిది, 2005 లో సెంబా బృందమే ప్రకటించింది. హెచ్‌.ఐ.వి. సోకిన 181 మంది పిల్లలకు 15వ నెలనుంచి 36వ నెలవరకు మూడునెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల విటమిను ఏ గాని, దానిని పోలిన ఉత్తమందు గాని ఇచ్చారు. విటమిను అందినవారిలో 20.6 శాతం, అందనివారిలో 32.9 శాతం చనిపోయారు. మలావీలో ఆశ పుట్టించిన సెంబాయే ఇక్కడ దానిని సరియైన పద్ధతిలో పరీక్షకు పెట్టాడన్నది ఆయన పట్ల చెప్పుకోవలసిన మంచిమాట.

28, 58, 181: కూడితే 267. ప్రపంచంలోని వైద్యపరీక్షలను ఏరి తూకంవేసే కొక్రేన్ సంఘంవారు 2013 లో ఈ మూడింటిని కలిపి లెక్కకట్టి, విటమిను ఏ వల్ల హెచ్‌.ఐ.వి. ఉన్న పిల్లలలో మరణాలు ఇంచుమించు సగానికి తగ్గుతున్నవని తేల్చారు. లెక్క సరియైనదే. కాని ఇంత తక్కువమందిపై వచ్చిన లెక్కకు రెండు అంచులు ఉంటవి. నిజమైన లాభం 18 శాతం కావచ్చును, 63 శాతం కావచ్చును. ఆ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చును. "సగం" అన్న అంకెను మాత్రం పట్టుకొని అంచులను వదలివేయడం తూకంలో ఒక పళ్ళెమే చూడడం వంటిది.

అయినా లాభం లేదని నేననడం లేదు. ఉన్నది. నా ఆక్షేపణ దానికి పెట్టిన పేరు మీద. ఈ పరీక్షలలో తగ్గినవి ముఖ్యంగా ఏమిటి? విరేచనాలు, వానివల్ల కలిగే చావులు. దారెస్సలామ్‌లో విరేచనాల వల్ల కలిగిన మరణాలే అన్నింటికంటె బాగా తగ్గినవి. విటమిను ఏ ప్రేవుల లోపలి పొరను, ఊపిరి గొట్టాల లోపలి పొరను సరిగా నిలుపుతుంది. అది లోపిస్తే ఆ పొరలు ఎండి, పగిలి, సూక్ష్మజీవులకు దారి ఇస్తవి. లోపాన్ని పూరిస్తే గోడ పూడుకొంటుంది. ఇది ఇంటి గోడను మరమ్మతు చేయడం. హెచ్‌.ఐ.వి. చేసే నష్టం వేరుచోట ఉన్నది. అది ఇంటి కాపలావారినే, అనగా సి.డి.4 గుర్తుగల తెల్ల రక్తకణాలనే, పట్టి వానిలో దూరి, అక్కడే పెరిగి, వానిని నాశనం చేస్తుంది. గోడ బాగుచేసినంతమాత్రాన చచ్చిన కాపలావారు లేచిరారు.

దీనిని ఊహగా చెప్పడం లేదు. విటమిను డి సంగతి చూడండి. 2009 లో అమెరికాలో ఆర్పాడి బృందం 6 నుంచి 16 ఏండ్ల వయసులో హెచ్‌.ఐ.వి. ఉన్న 56 మందికి రెండునెలలకొకసారి లక్ష యూనిట్ల విటమిను డి, దానితో కాల్షియం, ఇచ్చి చూసింది. రక్తంలో విటమిను పెరిగింది. సి.డి.4 కణాలు పెరగలేదు, వైరసు తగ్గలేదు. ఉగాండాలో 2010 లో వెలువడిన మరొక పరీక్షలో 847 మంది పిల్లలను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆరు విటమినులు మామూలు మోతాదులో, రెండవ భాగానికి 14 రకాల విటమినులు, ఖనిజాలు రెట్టింపు మోతాదులో ఆరునెలలు ఇచ్చారు. మరణాలలో గాని, పెరుగుదలలో గాని, సి.డి.4 లెక్కలో గాని తేడా రాలేదు. రకాలు పెంచితే, మోతాదు పెంచితే బలం పెరుగుతుందన్న వ్యాపారి లెక్కకు ఇంతకంటె సూటియైన జవాబు లేదు.

సి.డి.4 లెక్క గురించి ఒక చిన్నమాట. పసిపిల్లల రక్తంలో ఈ కణాలు పెద్దవారికంటె సహజంగానే చాలా ఎక్కువ. వయసుతోపాటు తగ్గుతూ వస్తవి. అందుకే అయిదేండ్ల లోపు వారిలో వైద్యులు సంఖ్యకు బదులు శాతాన్ని చూస్తారు. "మా టానిక్కు వాడిన బిడ్డకు కణాలు ఇన్ని ఉన్నవి" అని ఎవరైనా ఒక అంకె చూపితే, బిడ్డ వయసెంత అని అడగనిదే ఆ అంకెకు అర్థం లేదు.

జింకు విటమిను కాకపోయినా సీసాలలో తోడుగా వస్తుంది గనుక ఒక వాక్యం. వైరసు చురుకుగా ఉన్న కణాలలోనే బాగా పెరుగుతుంది; కాబట్టి జింకు ఇచ్చి నిరోధక కణాలను ఉత్తేజపరిస్తే వైరసుకే మేత వేసినట్టవుతుందేమోనని శాస్త్రజ్ఞులు భయపడ్డారు. 2005 లో దక్షిణాఫ్రికాలో 96 మంది పిల్లలకు రోజుకు 10 మిల్లీగ్రాములు ఆరునెలలు ఇచ్చి చూస్తే వైరసు పెరగలేదు, నీళ్ళ విరేచనాలు తగ్గినవి. భయం తీరింది. "రోగనిరోధక శక్తిని పెంచుట" ఎల్లప్పుడు మంచిదే అనుకొనేవారు, ఇటువంటి భయం పెట్టుకొని పరీక్షించినవారు ఉన్నారని గమనించవలెను.

భయం నిజమైన సందర్భం కూడా ఉన్నది. జింబాబ్వేలో 14,110 మంది తల్లీబిడ్డల జంటలపై పెద్ద పరీక్ష జరిగింది. ప్రసవమైన వెంటనే తల్లికి గాని, బిడ్డకు గాని, ఇద్దరికీ గాని ఒకేఒక్క పెద్ద మోతాదు విటమిను ఏ ఇచ్చారు. హెచ్‌.ఐ.వి. ఉన్న తల్లుల బిడ్డల ఫలితాలు 2006 లో ప్రకటించారు. పుట్టినప్పుడు వైరసు లేక ఆరువారాలలోపు సోకిన బిడ్డలలో, బిడ్డకిచ్చిన మోతాదు మరణాలను 28 శాతం తగ్గించింది. కాని ఆరువారాలనాటికి వైరసు సోకని బిడ్డలలో, ఏ విధంగా ఇచ్చినా సరే, మరణాలు ఇంచుమించు రెండింతలైనవి. ఒకే చుక్కలు ఒక బిడ్డకు మేలు, పక్క మంచంలోని బిడ్డకు కీడు. ఎవరి రక్తంలో ఏమున్నదో తెలియకుండా "ఇస్తే పోయేదేమున్నది" అనేవారికి ఈ ఒక్క పరిశోధన చూపితే చాలు.

దారెస్సలామ్ పరిశోధకులు 1998 లో మరొక ఫలితం ప్రకటించారు: హెచ్‌.ఐ.వి. ఉన్న గర్భిణులకు బి, సి, ఇ విటమినులు కలిపి ఇస్తే గర్భస్థ శిశుమరణాలు తగ్గినవి, తక్కువ బరువు బిడ్డలు తగ్గారు, తల్లులలో సి.డి.4 కణాలు కొంత పెరిగినవి. ఇది మందులు అందని కాలంలో అక్కరకు వచ్చే మంచి ఫలితం. దీనికి పట్టిన గతి విచారకరమైనది. దక్షిణాఫ్రికాలో మత్తియాస్ రాట్ అనే విటమినుల వ్యాపారి, వైరసు మందులు విషమని, విటమినులే చాలునని ప్రచారం చేస్తూ ఈ పరిశోధననే ఆధారంగా చూపాడు. పరిశోధన చేసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు తమ ఫలితాలను వక్రీకరిస్తున్నారని 2005 లో బహిరంగంగా ఖండించారు. కేప్‌టౌన్ శివారులోని ఖయెలిత్షలో ఆయన మనుషులు జరిపిన విటమిను ప్రయోగాలు చట్టవిరుద్ధమని 2008 లో కేప్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ కాలంలో ఆ దేశపు ఆరోగ్యమంత్రియే వెల్లుల్లి, నిమ్మ, బీట్‌రూటు గుణాలను పొగడుతూ మందుల పంపిణీలో జాప్యం చేశారు. ఆ జాప్యం వల్ల 3 లక్షల 30 వేలకు పైగా ప్రాణాలు పోయినవని హార్వర్డ్ పరిశోధకులు అంచనా కట్టారు.

అదే దక్షిణాఫ్రికాలో మందులు ఏమి చేయగలవో 2008 లోనే తేలినది. 12 వారాల లోపు వయసున్న హెచ్‌.ఐ.వి. శిశువులు 377 మందిలో, జబ్బు ముదిరేదాకా ఆగినవారిలో 16 శాతం చనిపోగా, వెంటనే ఏ.ఆర్‌.టి. మందులు మొదలుపెట్టినవారిలో 4 శాతమే చనిపోయారు. మందులు లేకపోతే ఆఫ్రికాలో ఇటువంటి బిడ్డలలో సగంమంది రెండేండ్లు నిండకముందే పోయేవారని గుర్తుంచుకొంటే ఈ అంకె విలువ తెలుస్తుంది. అంతకుముందే 2004 లో జాంబియాలో 541 మంది పిల్లలకు చౌకైన కోట్రైమాక్సజోల్ రోజూ ఇస్తేనే మరణాలు 43 శాతం తగ్గినవి. విటమిను ఏ పై చెప్పిన మూడు పరీక్షలూ ఏ.ఆర్‌.టి. అందని పిల్లలపై జరిగినవి. ఈనాడు మందు వాడుతూ, వైరసు అణగి, బడికి పోతున్న బిడ్డకు ఆ "సగం" అన్న అంకెను అతికించడం కుదరదు. ఈ సంగతి వ్రాయకుండా 1999 నాటి అంకెను మాత్రం వ్రాసే రచయితలపైనే నా ముఖ్యమైన ఫిర్యాదు.

మన దేశంలో ఉచిత ఏ.ఆర్‌.టి. 2004 లో మొదలైనది. పిల్లలకు ప్రత్యేకంగా 2006 లో ఏర్పాటయింది. విటమిను ఏ కూడా ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నది. 9వ నెలలో లక్ష యూనిట్లు, తరువాత అయిదేండ్లదాకా ఆరునెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు, మొత్తం 9 మోతాదులు. హెచ్‌.ఐ.వి. ఉన్న బిడ్డకు కూడా ఇదే వరుస. అంతకు మించి అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మించితే ఈ విటమిను కాలేయంలో పేరుకొంటుంది. పసిబిడ్డలకు వాంతులు, మాడు ఉబ్బడం వంటివి కలుగుతవి.

బిడ్డకు నిజంగా ఎక్కువ కావలసినది అన్నం. జబ్బు లక్షణాలు లేని హెచ్‌.ఐ.వి. బిడ్డకు మామూలుకంటె 10 శాతం, లక్షణాలుంటే 20 నుంచి 30 శాతం, బరువు కోల్పోతూ ఉంటే 50 నుంచి 100 శాతం ఎక్కువ ఆహారశక్తి కావలెనని అదే సంస్థ లెక్క. ఇది సీసాలో రాదు. రోజుకొక గుడ్డు, పప్పులో గుప్పెడు తోటకూర గాని మునగాకు గాని, నూనె ఒక చెంచా ఎక్కువ, కాలంలో దొరికే బొప్పాయి, మామిడి: టానిక్కు ఖరీదుతో ఎన్నాళ్ళు వస్తవో తల్లికి మనకంటె బాగా తెలుసును. ఆకుకూరలోని పసుపు పదార్థం విటమిను ఏ గా మారవలెనంటే నూనె చుక్క తప్పక ఉండవలెను.

సీసా విషయంలో ఇంకొక చిక్కు ఈమధ్య వచ్చి చేరింది. దీనిని దుకాణదారు చెప్పడు. ఇప్పుడు పిల్లలకు ఇస్తున్న ఏ.ఆర్‌.టి. మందులలో డొలుటెగ్రావిర్ ముఖ్యమైనది. వైరసు తన జన్యుపదార్థాన్ని మన కణంలో అతికించడానికి వాడే ఎంజైములో లోహపు అణువులుంటవి; ఈ మందు వానిని పట్టుకొని ఎంజైమును కట్టివేస్తుంది. కాని కడుపులో ఇనుము, కాల్షియం, జింకు, మెగ్నీషియం కనబడితే అక్కడే వానిని పట్టుకొని కూర్చుంటుంది. అప్పుడు రక్తంలోకి చేరేది తగ్గిపోతుంది. "రోగనిరోధక శక్తిని పెంచు" టానిక్కులు చాలావాటిలో ఈ ఖనిజాలే ఉంటవి. బలానికని పోసిన చెంచాడు టానిక్కు, ప్రాణం నిలిపే మందును కడుపులోనే ఆపివేస్తుందన్నమాట. రక్తహీనత వల్ల వైద్యుడే ఇనుము వ్రాసిచ్చినప్పుడు డొలుటెగ్రావిర్‌ను దానికి రెండు గంటలు ముందుగా గాని, ఆరు గంటలు తరువాత గాని ఇవ్వవలెను. ఇనుము, కాల్షియం అయితే అన్నంతోపాటు రెండూ కలిపి ఇవ్వవచ్చును. ఇంట్లో అటువంటి సీసా ఏదైనా ఉంటే ఏ.ఆర్‌.టి. కేంద్రానికి పోయేరోజున సంచిలో వేసుకొనిపోయి, దాని మీది కాగితం వైద్యునికి చూపవలెను.